తెలియని ఆట, తెలివైన యంత్రం

1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగ జగజ్జేత గారీ కాస్పరోవ్‌ను న్యూయార్క్‌లో ఓడించింది. ఆ వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే ఆ యంత్రం ముందు మన పులి-మేక పటం గీసి, మూడు పులుల్ని, పదిహేను మేకల్ని పెడితే ఏం చేసి ఉండేది? ఒక్క ఎత్తు కూడా వేయలేకపోయేది. చదరంగం కిటుకులన్నీ మనుషులే ఆలోచించి దానికి ఎక్కించారు. మరి ఆ తెలివి యంత్రానిదా, దాన్ని తయారుచేసిన వారిదా?

ఈ సందేహం పాతదే. ఫ్రాన్సులో జాక్ పిత్రా అనే శాస్త్రజ్ఞుడు 1968 నాటికే, ఏ ఆటైనా ఆడగల ప్రోగ్రాము కోసం ప్రయత్నించారు. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు మైకేల్ జెనెసెరెత్ బృందం దీనికోసం ఏకంగా పోటీయే పెట్టింది. బహుమతి 10,000 డాలర్లు.

ఆ పోటీలో ఏ ఆట వస్తుందో ముందుగా చెప్పేవారు కాదు. నియమాలను తర్కభాషలో యంత్రానికి అందించేవారు. అర్థం చేసుకోవడానికి కొద్ది వ్యవధి ఇచ్చేవారు. ఆపైన మనిషి జోక్యం ఉండేది కాదు. ఇంకో జాగ్రత్త కూడా ఉండేది. నియమాల్లోని పేర్లు తీసేసి అర్థంలేని మాటలు పెట్టేవారు. 'రాజు', 'గడి' వంటి మాటలు చూసి ఆటను పోల్చుకునే వీలుండేది కాదన్నమాట.

2007లో, 2008లో ఐస్‌లాండ్ వారి కాడియాప్లేయర్ గెలిచింది. దాని పద్ధతి చిత్రమైనది. ఎత్తు వేసేముందు లోలోపలే ఆటను చివరిదాకా మళ్ళీ మళ్ళీ ఆడి చూసుకుని, ఎక్కువసార్లు మేలు చేసిన ఎత్తునే ఎంచుకుంటుంది. 2017లో డీప్‌మైండ్ సంస్థ వారి ఆల్ఫాజీరో కేవలం నియమాలు తెలుసుకుని, తనతో తానే ఆడుకుంటూ చదరంగం, షోగీ, గో అనే మూడు ఆటలు నేర్చింది. అయినా ఒక్కో ఆటకు విడివిడిగా సాధన చేయవలసివచ్చింది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇందులో ఒక పాఠం ఉంది. మన పులి-మేకను కన్నడంలో ఆడు హులి ఆట అంటారు, తమిళంలో ఆడు పులి ఆట్టం అంటారు. పేరు మారినంతమాత్రాన ఆట తెలిసినవాడు తికమకపడడు. చదువూ అంతే. ఈ రాత్రి మీ పిల్లల లెక్కల పుస్తకంలోంచి ఒక లెక్క తీసుకోండి. అందులోని పేర్లు, వస్తువులు మార్చి అడగండి. వాళ్ళకు వచ్చింది లెక్కో, లెక్కలోని మాటలో అప్పుడు తెలుస్తుంది.