డిస్క్ చదివింది, కానీ తప్పు చదివింది! తాటాకుల నుంచి డేటాబేస్ దాకా ఒక కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక నంబర్‌తో మొదలుపెడదాం. 824. ఎస్‌క్యూఎల్ సర్వర్ చూసుకునే డీబీఏకి లాగ్‌లో ఈ నంబర్ కనపడిందంటే ఆ రాత్రికి ఇక నిద్ర లేనట్టే.

దీనికి ముందు నంబర్ 823. అది సింపుల్. డిస్క్‌ని అడిగితే చదవడమో రాయడమో కుదరలేదని ఆపరేటింగ్ సిస్టమే చెప్పేస్తుంది. 824 అలా కాదు. డిస్క్ చదివి ఇచ్చింది, ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఓకే అంది, కానీ చేతికొచ్చిన పేజీ సరిగ్గా లేదు. సాక్షి కోర్టుకి రాకపోతే వాయిదా వేస్తారు. వచ్చి ధైర్యంగా తప్పు చెబితే? అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన రొంపిచెర్లలో ఎవరైనా పొలం కొనేముందు పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఏంటి? "ఈసీ తీయించావా?" ఆ ఈసీ ఇప్పుడు డేటాబేస్‌లోంచే వస్తుంది. కంప్యూటర్‌లో అక్షరాలుగా దాచిన అంకెల్లో 1 కాస్తా 9 అవ్వాలంటే ఒక్క బిట్ తిరగబడితే చాలు. ఒక ఎకరం తొమ్మిది ఎకరాలైపోతుంది. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ ఉండదు.

మరి ఇలాంటి తప్పుని పట్టుకోవడం మనిషి ఎప్పుడు నేర్చుకున్నాడు? కంప్యూటర్ కంటే చాలా ముందే. అందులో మన తెలుగువాళ్ల వాటా కూడా ఉంది.

తాటాకుల రోజులు ఊహించుకోండి. స్టోరేజ్ అంటే తాటాకు, రైట్ హెడ్ అంటే గంటం. చెదలు తినేస్తే అది రీడ్ ఎర్రర్. కనపడుతుంది కాబట్టి తెలిసిపోతుంది. కానీ రాసేవాడు ఒక అక్షరం మార్చి రాస్తే? ఆకు బాగానే ఉంటుంది, మాట మాత్రం తప్పు. అచ్చం 824.

ఇక్కడ ఛందస్సు పనికొచ్చింది. ఉత్పలమాల తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. ఒక అక్షరం ఎగిరిపోతే లెక్క తప్పుతుంది. యతి చెడితే చదివేవాడి చెవికే తెలిసిపోతుంది. పద్యం లోపలే దాన్ని చెక్ చేసే లెక్క కూడా ఉందన్నమాట. దీన్నే ఇప్పుడు మనం చెక్‌సమ్ అంటున్నాం. పేజీ రాసేటప్పుడు అందులోని డేటా మొత్తం మీద ఒక లెక్క కట్టి ఆ పేజీలోనే దాస్తాం. చదివేటప్పుడు మళ్లీ లెక్క కట్టి పోలుస్తాం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఇది 2005 వెర్షన్‌లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌కి 2013లో వచ్చింది.

కానీ చెక్‌సమ్ తప్పు ఉందని మాత్రమే చెబుతుంది. ఒప్పు ఏంటో చెప్పదు. దానికి ఇంకో కాపీ కావాలి. సీపీ బ్రౌన్ కడపలో చేసిందదే. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి సరైన పాఠం తేల్చేవాడు. వేమన పద్యాలు 1829లో అలాగే అచ్చుకొచ్చాయి. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తులు పాడైపోతుంటే, వాటికీ మళ్లీ కాపీలు రాయించాడు. ఆయన పద్ధతి గుర్తుపెట్టుకోండి: ముందు కాపీ, తర్వాతే సవరణ. దీంతో మనకి మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1947, బెల్ ల్యాబ్స్. రిచర్డ్ హామింగ్ అనే మ్యాథ్స్ ఆయన వీకెండ్‌లో మెషీన్‌కి పని అప్పజెప్పి ఇంటికెళ్లేవాడు. మెషీన్‌కి తప్పు దొరికితే ఆ పని వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోయేది. రెండు వీకెండ్‌లు ఇలా పోయేసరికి ఆయనకి మండింది. తప్పుందని కనిపెట్టే మెషీన్, ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా? ఆ చిరాకులోంచే 1950లో హామింగ్ కోడ్ వచ్చింది. 1956లో ఐబీఎం మొదటి హార్డ్ డిస్క్ తెచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50 కలిపితే దాదాపు 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇప్పుడు మీ ఫోన్‌లో ఒక్క ఫోటో అంత.

ఇక మన రాష్ట్రం. ఒకప్పుడు రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజుని చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించేవాళ్లు. ఈసీ కావాలంటే 15 ఏళ్ల రిజిస్టర్లు తిరగేయాలి. 1 నుంచి 5 రోజులు పట్టేది. 1998 నవంబర్‌లో కార్డ్ ప్రాజెక్ట్ 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో మొదలైంది. అదే ఈసీ 15 నిమిషాల పనైంది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరకడం మీరు చూసే ఉంటారు. అంతకు ముందుది కావాలంటే పుస్తకాల్లో వెతకాల్సిందే.

లాభం పెద్దదే, కానీ ఒక తేడా ఉంది. పుస్తకంలో దిద్దితే సిరా మరక పడుతుంది. డిస్క్ మీద మరక పడదు. ఇదేదో అరుదుగా జరిగేది కూడా కాదు. 2008లో వచ్చిన ఒక రీసెర్చ్ పేపర్‌లో 15.3 లక్షల డ్రైవ్‌లని 41 నెలలు గమనిస్తే, చెక్‌సమ్ కలవని సంఘటనలు 4 లక్షలకు పైగా తేలాయి.

సరే, మీ సర్వర్‌లో 824 వచ్చింది. ఏం చేయాలి?

ఒకటి, కంగారుపడి రిపేర్ కొట్టొద్దు, డేటాబేస్‌ని డిటాచ్ చేయొద్దు. బ్రౌన్ పద్ధతే. ఉన్నది ఉన్నట్టు ముందు కాపీ తీయండి, లాగ్ బ్యాకప్‌తో సహా.

రెండు, ఏ పేజీ చెడిందో చూడండి. ఎర్రర్ మెసేజ్‌లో పేజీ నంబర్ ఉంటుంది. ఎంఎస్‌డీబీలో సస్పెక్ట్ పేజెస్ అనే టేబుల్ కూడా ఉంటుంది. డీబీసీసీ చెక్‌డీబీ నడిపితే నష్టం ఎంతో మొత్తం తెలుస్తుంది. చెడింది నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్ పేజీ అయితే అదృష్టం, ఇండెక్స్ మళ్లీ కట్టుకోవచ్చు. టేబుల్ పేజీ అయితే బ్యాకప్‌లోంచి తేవాలి.

మూడు, అసలు దొంగ ఎవరో పట్టుకోండి. డిస్కా, కంట్రోలరా, కేబులా, ఫర్మ్‌వేరా? విండోస్ ఈవెంట్ లాగ్, డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ చూడండి. పేజీ బాగుచేసి ఆ డిస్క్‌నే వాడితే మళ్లీ ఇదే సీన్.

ఆఖరి దారి రిపేర్. దాని పేరులోనే "డేటా పోయినా పర్లేదు" అని ఉంటుంది. పొలం రికార్డుల మీద ఆ మాట ఎవరైనా అనగలరా?

825 అనే ఇంకో నంబర్ కూడా ఉంది. మొదటిసారి చదవలేకపోయినా, మళ్లీ ప్రయత్నిస్తే కుదిరిందని దానర్థం. ఇది ఉత్త సమాచారంలాగా లాగ్‌లో పడి ఉంటుంది, ఎవరూ చూడరు. డిస్క్ పూర్తిగా పోయే ముందు ఇచ్చే హెచ్చరిక అది. దానికి అలర్ట్ పెట్టుకోండి.

"మాకు రెయిడ్ ఉంది కదా బ్రో" అని కామెంట్ పెట్టేవాళ్లకి ఒక మాట. ఒక డిస్క్ చచ్చిపోతే రెయిడ్ కాపాడుతుంది. కానీ పైనుంచి తప్పు డేటా వస్తే దాన్ని రెండు డిస్క్‌ల మీదా అంతే శ్రద్ధగా రాస్తుంది. బ్యాకప్ పని బ్యాకప్‌దే. అది కూడా రీస్టోర్ చేసి చూసిన బ్యాకప్ అయితేనే లెక్క.

మీ ఆఫీసు సర్వర్ కావచ్చు, నరసరావుపేటలో మీ బాబాయి షాపు బిల్లింగ్ కంప్యూటర్ కావచ్చు. ఈ వారం ఒక బ్యాకప్ ఫైల్ తీసుకుని వేరే మెషీన్‌లో తెరిచి చూడండి. తెరుచుకుందా లేదా కామెంట్‌లో రాయండి. తెరుచుకోని వాళ్ల కోసం వచ్చే ఎపిసోడ్ చేద్దాం. ఉంటా మరి, బై.