ట్రాక్టరు కొనేటప్పుడే అమ్మకం లెక్క

ఏలూరు: కొల్లేరు పరిసరాల వరి చేలల్లో దమ్ముకు దిగే ట్రాక్టరుకు మెట్ట దుక్కి కంటే కష్టమెక్కువ. సీళ్లు దెబ్బతిని బురదనీరు లోపలికి చేరితే గేరుబాక్సు ఆయిల్ చెడుతుంది. అందువల్ల చౌక బండా, పేరున్న కంపెనీ బండా అన్నది కొనుగోలు ధర ఒక్కటే చూసి తేల్చుకోరాదు.

కొన్న ధరలోంచి అమ్మిన ధర తీసివేసి, మరమ్మతులు కలిపితే అసలు ఖర్చు తెలుస్తుంది. ఉదాహరణకు లక్ష తక్కువకు కొన్న బండి అయిదేళ్లకు లక్షన్నర తక్కువకు పోతే, మిగిలేది అరలక్ష నష్టమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినందున, పాత బండికి వెల కట్టేటప్పుడు దానినీ లెక్కించాలి.

పేరు కూడా శాశ్వత హామీ కాదు. పేరొందిన ప్రభుత్వరంగ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి, స్వరాజ్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లినా ఆ పేర్లతో తయారీ కొనసాగింది.

ఏలూరు, తాడేపల్లిగూడెంలలో క్లచ్ ప్లేట్లు, హైడ్రాలిక్ సామాను దొరుకుతాయా, మెకానిక్ చేను వద్దకు వస్తాడా అన్నది ముందే విచారించుకోవాలి. నాట్ల అదనులో బండి ఆగితే బాడుగా పోతుంది, అదనూ దాటుతుంది. అప్పు తీరగానే బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ఆర్‌సీలో రుణ నమోదును రద్దు చేయించుకోవాలి. కాగితాలు సరిగా లేని బండికి, ఏ కంపెనీదైనా, తగిన ధర పలకదు.