లికర్ట్ కొలమానం

ఇచ్చిన వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారో మెట్లవారీగా అడిగి, అభిప్రాయాన్ని అంకెల్లోకి మార్చే సర్వే పద్ధతి. అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో దీన్ని ప్రతిపాదించాడు. (లైకర్ట్ అని పలకడం వాడుకలో ఉన్నా సరికాదు.) అంతకుముందున్న థర్‌స్టన్ పద్ధతిలో వాక్యాలకు విలువ కట్టడానికి న్యాయనిర్ణేతల బృందం కావాలి. లికర్ట్ ఆ బెడద తప్పించి, జవాబుల అంకెలను కూడితే చాలన్నాడు. అందువల్ల కొలమానం అంటే పలు వాక్యాల మొత్తం. ఒక్క ప్రశ్ననే ఆ పేరుతో పిలవడం వదులు వాడుక.

మెట్లు సాధారణంగా 5 లేదా 7. అసలు చిక్కంతా మాటల ఎంపికలోనే ఉంది. ‘ఆసుపత్రి శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు’ అనే వాక్యంలో రెండు ప్రశ్నలున్నాయి; వార్డు అద్దంలా ఉండి నర్సు కసురుకుంటే ఏ గడి నొక్కాలి? తెలుగులో నడిమి మెట్టుకు ‘పర్వాలేదు’ అని పెట్టడమూ ప్రమాదమే. కొందరికది మెప్పు, కొందరికి మొహమాటపు పెదవి విరుపు.

ఆన్‌లైన్ సర్వేల్లో ఇబ్బందులు వేరు. పది వాక్యాలను ఒకే పట్టికలో పేరిస్తే చాలామంది చదవకుండా ఒకే నిలువు వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోతారు. ఫోన్ తెరపై ఆ పట్టిక కుడి అంచు కనబడకపోతే చివరి మెట్లు లేనట్టే. ఒక్కో ప్రశ్నను విడిగా, మెట్లను నిలువుగా చూపడం మేలు. ఏ గడినీ ముందే ఎంచి ఉంచకూడదు. ‘తెలియదు’ అనే జవాబును నడిమి మెట్టుతో కలపక, పక్కన వేరుగా ఇవ్వాలి.

మెట్ల మధ్య దూరాలు సమానమని రుజువు లేదు గనుక సగటు తీయడం సబబేనా అన్న వాదం గణాంక శాస్త్రంలో ఇంకా తెగలేదు.