లాటరీకి ముందు జరిగే కథ: మందమర్రిలో ఇల్లు ఎవరికి?

పేదలకి ఇళ్ళ పంపిణీ గురించి ఎప్పుడు మాట వచ్చినా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం చెప్పే పరిష్కారం ఒకటే. అంతా ఆన్‌లైన్ చేసేసి, ర్యాండమ్‌గా లాటరీ తీసేస్తే సరి, మధ్యలో ఎవడూ వేలు పెట్టడానికి ఉండదు అని. 2023 ఆగస్టులో హైదరాబాదులో డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి సరిగ్గా అదే చేశారు. ఎన్ఐసీ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో నియోజకవర్గానికి 500 మంది చొప్పున పేర్లు తీశారు. ఆ వార్త చూసి మా టీములో కొందరు "హమ్మయ్య, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది" అన్నారు.

నాకు లాటరీతో పేచీ లేదు. డబ్బాలోకి ఏ చీటీలు వెళ్ళాయి, ఏవి వెళ్ళలేదు అన్నదే నా ప్రశ్న. దానికి మందమర్రిని మించిన ఉదాహరణ నాకు తెలీదు. బొగ్గుబాయిల ఊళ్ళతో పరిచయం ఉన్నవాళ్ళకి ఇందులో చాలా సంగతులు తెలిసే ఉంటాయి, కాస్త ఓపిక పట్టండి.

మందమర్రిలో ఇల్లు ఇచ్చేది మొదట్లో సర్కారు కాదు, కంపెనీ. కంపెనీ అంటే అక్కడ ఒక్కటే, సింగరేణి. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీగా మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ అయింది. ఇల్లెందు నుంచి కొత్తగూడెం, ఇటు 1920ల చివర్లో బెల్లంపల్లి, అక్కణ్ణుంచి మందమర్రి దాకా బాయిలు పాకుతూ వచ్చాయి. అడవిలో బాయి తవ్వితే చాలదు, దిగే మనుషులు కావాలి, వాళ్ళు పడుకోవడానికి కప్పు కావాలి. అలా పుట్టినవే క్వార్టర్ల లైన్లు.

దేశం మొత్తమ్మీద బొగ్గు గని కార్మికుల ఇళ్ళకి ఒక ఏర్పాటు ఉండేదని చాలామందికి తెలీదు. 1947లో వచ్చిన బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం ప్రకారం గనుల నుంచి బయటికెళ్ళే బొగ్గు మీద సెస్సు వసూలు చేసి, అందులో ఒక ఖాతా ప్రత్యేకంగా ఇళ్ళకే పెట్టారు. ఆ చట్టాన్ని 1986లో ఎత్తేశారు.

కంపెనీ క్వార్టర్ ఇచ్చే పద్ధతి మనకి బాగా అర్థమయ్యేదే. ఉద్యోగం ఉంటే క్యూలో ఉంటావు. సర్వీసు ఎంత ఎక్కువైతే అంత ముందుంటావు. హోదాని బట్టి క్వార్టర్ టైపు మారుతుంది. నీ అవసరం ఎంత, ఇంట్లో ఎంతమంది, అన్నదాని కంటే నీ సీనియారిటీ ఎంత అన్నదే లెక్క. యూనియన్లు ఉన్నాయి కాబట్టి పైరవీ అస్సలు ఉండదని చెప్పను గానీ, లిస్టులో నా పైన ఎవడున్నాడో నాకు తెలుస్తుంది, వాడెందుకున్నాడో కూడా తెలుస్తుంది. క్యూ అంటే అదే కదా. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆ ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చి ఉద్యోగంతో పాటే పోతుంది. మనిషి 'దిగిపోయిన' రోజు (బాయిల భాషలో రిటైర్ అవ్వడాన్ని అలాగే అంటారు) కుటుంబం మొత్తం దిగిపోవాలి.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల దాకా కార్మికులు ఉండేవాళ్ళు. ఇప్పుడు దాదాపు నలభై వేలు. మిగతావాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎక్కడికి పోయారు? కొందరు కరీంనగర్ వైపు, కొందరు హైదరాబాదు, మనలాగా కొందరు అమెరికా. చాలామంది మాత్రం ఎక్కడికీ పోలేదు. క్వార్టర్ల పక్కనే, కంపెనీ భూమి అంచున, ఖాళీ జాగాలో ఒక గది వేసుకుని, తర్వాత ఇంకో గది వేసుకుని ఉండిపోయారు. కరెంటు మీటరు వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది, ఓటరు కార్డు వచ్చింది. పట్టా రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ నేల అసలు ఎవరిది? ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు, నాయకపోడు వాళ్ళు సాగు చేసుకుంటుంటే, బయట నుంచి వచ్చినవాళ్ళు కాగితాలు పుట్టించి భూమి లాక్కోవడం నిజాం కాలంలోనే జోరుగా సాగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక ప్రభుత్వానికి భయం పట్టుకుంది. హైమన్‌డార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టుని పిలిపించి అధ్యయనం చేయించారు, గిరిజనులకి కొంతవరకు పట్టాలు ఇచ్చారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఇక్కడి గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం అయ్యాయి. తర్వాత 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేస్తూ 1970లో వచ్చిన సవరణ. అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దీన్నే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు, గిరిజనేతరుడి దగ్గర ఉన్న భూమి కూడా మొదట గిరిజనుడిదే అని అనుకోవాలి, కాదంటే నిరూపించే బాధ్యత ఉన్నవాడిదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఆ చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, సర్కారు తన భూమిని కూడా గిరిజనేతరులకి ఇవ్వకూడదు అంది. ఆ కేసు గనుల లీజుల మీద వచ్చింది గానీ, ఇంటి జాగా పట్టా మీద సంతకం పెట్టాల్సిన అధికారి కూడా ఆ తీర్పు తలుచుకుని కలం పక్కన పెట్టేస్తాడు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. 1/70 వల్లే మందమర్రి పేదలకి ఇల్లు రావట్లేదని కొందరు నాయకులు మాట్లాడతారు. నేను ఒప్పుకోను. ఆ చట్టమే లేకపోతే ఆ కాస్త భూమి కూడా గిరిజనుడికీ మిగలదు, రెండో షిఫ్టు కార్మికుడికీ మిగలదు. రియల్ ఎస్టేటు వాడి చేతిలో ఉండేది. అడవి మధ్యలో బాయి పెట్టి, వేల మంది గిరిజనేతరులని తీసుకొచ్చి, వాళ్ళు దిగిపోయాక ఎక్కడుంటారో ఆలోచించకపోవడం అసలు తప్పు. కంపెనీలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49. అంటే పిలిచిందీ సర్కారే, పట్టా కుదరదన్నదీ సర్కారే. 2019లో జీవో 76 తెచ్చి, సింగరేణి వదులుకున్న భూముల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి క్రమబద్ధీకరణ మొదలెట్టారు. బెల్లంపల్లి లాంటి ఊళ్ళలో కుటుంబాలకి ఒక దారి దొరికింది. ఏజెన్సీలో ఆ దారి లేదు.

ఇప్పుడు సర్కారు ఇళ్ళ సంగతి. వీటి చరిత్ర కూడా తక్కువదేం కాదు. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ, 1983 తర్వాత ఎన్టీఆర్ పక్కా ఇళ్ళు, 1985లో ఇందిరా ఆవాస్, 2006లో రాజశేఖరరెడ్డి గారి ఇందిరమ్మ. ఇందిరమ్మ పథకంలో ఆలోచన నాకు నచ్చుతుంది. ఊళ్ళని మూడు విడతలుగా చేసి, ఎంచుకున్న ఊళ్ళో అర్హులందరికీ ఒకేసారి ఇచ్చేద్దాం అన్నారు. అందరికీ ఇస్తే లిస్టు గొడవే ఉండదు కదా. ఆచరణలో ఏమైందంటే, కాగితం మీద కట్టిన ఇళ్ళు కూడా కొన్ని బయటపడ్డాయి, 2014లో కొత్త రాష్ట్రం రాగానే సీఐడీ విచారణ వేశారు.

ఆ తర్వాత డబుల్ బెడ్‌రూం. 2015 అక్టోబరులో మార్గదర్శకాలు వచ్చాయి. 560 చదరపు అడుగులు, పల్లెల్లో 5.04 లక్షలు, పట్టణాల్లో 5.30 లక్షలు, లబ్ధిదారు పైసా కట్టక్కర్లేదు. పల్లెల్లో సగం ఎస్సీ, ఎస్టీలకి. పట్టణాల్లో అయితే ఎస్సీలకి 17 శాతం, ఎస్టీలకి 6, మైనారిటీలకి 12, మిగతావి ఇతరులకి. ఇల్లు ఇల్లాలి పేరు మీద. చూడటానికి చాలా బాగుంది. కానీ ఆ రేటుకి కట్టడానికి కాంట్రాక్టర్లు చాలాచోట్ల ముందుకు రాలేదు, కాబట్టి దరఖాస్తులు కొండంత, ఇళ్ళు గుప్పెడంత. అందుకే లాటరీ.

లాటరీ కన్నా ముందు జరిగేది చూడండి. రేషన్ కార్డు ఉండాలి. తెలంగాణలో 2021లో ఒక విడత కొత్త కార్డులు ఇచ్చారు, మళ్ళీ 2025 దాకా లేవు. మధ్యలో పెళ్ళై వేరు కాపురం పెట్టిన జంటకి సొంత కార్డు లేదు, అమ్మానాన్నల కార్డులో ఓ పేరు మాత్రమే. మన భాషలో చెప్పాలంటే ఇది ఇన్నర్ జాయిన్. అటు టేబుల్‌లో వరస లేకపోతే ఇటు మనిషి మాయం. ఎర్రర్ కూడా రాదు. లాటరీ ఎంత నిజాయితీగా తీసినా ఆ జంట పేరు డబ్బాలోనే లేదు. వాళ్ళకి "నీకు అదృష్టం లేదు" అని చెప్పడం అబద్ధం.

పేరు ఎందుకు లేదని అడగడానికి పల్లెల్లో గ్రామసభ ఉంది. సభలో లిస్టు చదువుతారు, ఎవడికో మేడ ఉందని పక్కింటావిడ లేచి అరుస్తుంది. గోలగా ఉన్నా అది ఒక రకం ఆడిట్. పట్టణాల్లో ఆ పని వార్డు సభది, వార్డు కౌన్సిలర్‌ది. మందమర్రి మున్సిపాలిటీ. 2011 లెక్కల్లో యాభై వేల పైచిలుకు జనం. కానీ కౌన్సిలర్లు లేరు. 2014లోనూ, 2020లోనూ రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే మందమర్రి, పాల్వంచ, మణుగూరుల్లో జరగలేదు. కారణం రాజ్యాంగంలోని 243జడ్‌సీ అధికరణం. మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకి వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి వర్తింపజేస్తే తప్ప. పంచాయతీల విషయంలో 1996లో పెసా చట్టం చేశారు. మున్సిపాలిటీల కోసం 2001లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. పక్కనే ఉన్న క్యాతనపల్లిలో 2020లో ఓట్లు వేసి కౌన్సిల్‌ని ఎన్నుకున్నారు. మందమర్రిలో లిస్టు మీద గొడవ పెట్టుకోవాలంటే ఎమ్మెల్యే దగ్గరికో, అధికారి దగ్గరికో పోవాలి, వాళ్ళిద్దరిలో ఎవరూ నీ గల్లీ మనిషి కాదు.

అన్నట్టు, ఈ తలనొప్పి మన ఒక్కళ్ళదే కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్ నగరంలో 1990 ప్రాంతంలో ఒక పద్ధతి పెట్టారు. ఖాళీ అయిన ఇళ్ళని పత్రికలో ప్రకటిస్తారు, కావలసినవాళ్ళు ఆ ఇంటికే దరఖాస్తు చేస్తారు, ఏ ప్రాధాన్యం వల్ల ఎవరికి దక్కిందో తర్వాత వేస్తారు. అందులో నాకు నచ్చింది ఆ చివరి ముక్క. 'ఎంపికైనవారి జాబితా' మన దగ్గరా అంటిస్తారు. 'ఎంపిక కానివారు, కారణం' అనే లిస్టు కూడా అలా గోడ మీద అంటిస్తే సగం అపోహలు, సగం పైరవీలు పోతాయని నా నమ్మకం. ఒక కాలమ్ అదనంగా పెట్టాలి, అంతే.

2024 మార్చి 11న భద్రాచలంలో కొత్త ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది. ఈసారి సర్కారు కట్టివ్వదు, సొంత జాగా ఉన్నవాళ్ళకి విడతలవారీగా 5 లక్షలు ఇస్తుంది. నియోజకవర్గానికి 3,500. యాప్‌లో సర్వే చేసి దరఖాస్తుల్ని మూడు రకాలుగా విడగొట్టారు. జాగా ఉండి ఇల్లు లేనివాళ్ళు ఎల్-1, జాగా కూడా లేనివాళ్ళు ఎల్-2, మిగతావాళ్ళు ఎల్-3. ముందు ఎల్-1కి. తర్కం బాగానే ఉంది, జాగా ఉంటేనే కదా గోడ లేచేది.

మందమర్రిలో దిగిపోయిన కార్మికుడి కొడుకుని తీసుకోండి. నలభై ఏళ్ళుగా అదే జాగాలో ఉన్నాడు, రేకుల కప్పు వానకి కారుతోంది, ఇంటి పన్ను రసీదులు కట్ట కట్టి పెట్టుకున్నాడు. పట్టా చూపించమంటే లేదు. సర్వేకి వచ్చినాయన ఫోన్లో ఫొటో తీసుకుంటాడు, జాగా కనిపిస్తూనే ఉంది, మనిషి దాని మీదే నిలబడి ఉన్నాడు. రూలు ప్రకారం అతను ఎల్-2.