కెవి, చెవి: మన పిల్లల చేతిరాత వెనుక ఉన్న చరిత్ర

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి.

గోదావరిఖనిలో మా హాస్టల్‌లో రాత్రి స్టడీ అవర్‌కు చిన్న పిల్లలను కూర్చోబెట్టి రాయించే పని మేం డిగ్రీ చదివేటోళ్లం కొందరం తీసుకున్నం. ఒకరోజు మూడో తరగతి తమ్ముడొకడు చూచిరాత కాపీ తెచ్చి చూపించిండు. ముత్యాల లెక్క అక్షరాలు. "రేపు బడికి సెలవు" అని పేజీ నిండా రాసిండు. మస్తు మెచ్చుకున్నం. తెల్లారి చూస్తే వాడు స్నానం చేసి, బ్యాగు తగిలించుకొని గేటు కాడ నిలబడ్డడు. సెలవు అంటే ఏందో వానికి తెల్వదు. చెయ్యి రాసింది, అంతే.

ముందు నవ్వినం. తర్వాత నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు మేం కూడా గట్లనే రాసినోళ్లం. ఇంట్ల ఒక భాష, బడిల ఒక భాష. హాజరు, గంట, గైర్హాజరు, ఉక్తలేఖనం... ఈ మాటలన్నీ బోర్డు మీద చూసి దింపినం, అర్థం తర్వాతెప్పుడో తెలిసింది. గిది మన ఒక్క తరం కష్టమేనా, దీనికి మందు ఎవరన్నా వెతికిండ్రా అని చదవడం మొదలుపెట్టినం.

పాతకాలం వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేటోళ్లు. తర్వాత పలక, బలపం వచ్చినయ్. 1832లో పుదూరి సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష తర్వాత పెరిగి పెద్ద బాలశిక్ష అయ్యింది. అక్షరం, గుణింతం, చిన్న పదాలు, వాక్యాలు, లెక్కలు అన్నీ ఒక్క పుస్తకంలోనే. మంచి వరుసనే. కానీ ఆ పిల్లగాడు ఇంట్ల తెలుగు మాట్లాడేటోడు. "పలక" అని రాసే ముందే పలక వాని నోట్లో ఉంది. మన పిల్లలకు ఆ ముందటి మెట్టే లేదు.

ఆ మెట్టు కట్టిన ఊరు మనకు దగ్గర్లనే ఉంది. గోదావరి దాటి మంచిర్యాల మీదుగా పోతే ఆసిఫాబాద్ అడవుల్లో జైనూర్ దగ్గర మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. భూమి పోవడం వెనుక కాగితం ఉందని, ఆ కాగితం చదవలేకనే మనోళ్లు షావుకారు చేతిల, పట్వారీ చేతిల మోసపోతున్నరని తేలింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతులు శిక్షణ మొదలైంది. మరాఠీ కొంచెం చదవొచ్చినోళ్లు ఉన్నరని దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేసిండ్రు. పేరు హైమన్‌డార్ఫ్‌ది అయినా, పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పింది మన గోండు పిల్లగాళ్లే. పిల్లగాడు రాసే మాట వాని ఇంటి మాటనే. అందుకే చెయ్యి, నోరు కలిసి నడిచినయ్.

తర్వాత రాజ్యాలు మారినయ్, బడి భాష తెలుగు అయ్యింది. ఇంటి మాట మళ్లీ గడప అవతలే నిలబడ్డది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కోలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో మొదటి తరగతి నుంచి పుస్తకాలు వచ్చినయ్. లిపి తెలుగే, మాట మనది. ముందు ఇంటి భాషలో చదివి, రాసి, మెల్లమెల్లగా తెలుగులోకి రావాలన్నది ఆలోచన. మార్లవాయిలో పెట్టిన విత్తనమే ఇది కూడా.

ఇవన్నీ చదివి మా స్టడీ అవర్ మార్చినం. ఇప్పుడు చూచిరాత పేజీకి రెండు వరుసలు. పై వరుసల "కెవి", కింది వరుసల "చెవి". రాసేటప్పుడు చెవి పట్టుకొని చెప్పాలె. గోండిలో కెవి, తెలుగులో చెవి. రెండూ ద్రావిడ భాషలే, ఒకే మాట. తెలుగులో "క" కాస్త "చ" అయ్యింది, గోండిలో పాత "క" అట్లనే నిలిచింది. చేతికి కూడా అంతే: గోండిలో కై, తెలుగులో చెయ్యి. పిల్లలకు ఈ సంగతి చెప్తే కండ్లు పెద్దవి చేసి చూసిండ్రు. మన మాట తక్కువది కాదు, తెలుగుకు అక్కచెల్లెలు అని తెలిస్తే రాసే చెయ్యి కూడా నిటారుగా అయితది.

గోండి నీళ్లు "ఏర్". తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. ఇల్లు గోండిలో "రోన్". లంబాడ తమ్ముళ్లు అదే పేజీల "ఘర్", "పాణి" రాసుకుంటరు. ఆ తర్వాతనే బడి మాటలు: పలక, గంట, హాజరు, సెలవు. ఒక్కో మాటను రాసి, చదివి, ఆ రోజే ఒక పనికి వాడాలె. హాజరు పట్టీల పేరు వాళ్లే రాసుకుంటరు. ఒంట్లో బాగాలేకపోతే సెలవు చీటీ వాళ్లే రాస్తరు. గేటు కాడ నిలబడ్డ తమ్ముడు మొన్న తన చీటీ తనే రాసిండు. అక్షరాలు వంకరపోయినయ్. కానీ ఏం అడుగుతున్నడో వానికి తెలుసు.

ఈ బొగ్గు బాయిల కాడ మన పెద్దోళ్లు తట్టా చెమ్మస్ పట్టి పనిచేసి, కాగితం కాడ వేలిముద్ర వేసిండ్రు. మేం సంతకం పెడుతున్నం. కానీ ఏం రాసి ఉందో తెల్వకుండా ఎంత అందంగా సంతకం పెట్టినా అది వేలిముద్రతో సమానమే.

అన్నలు, అక్కలు, ఒక చిన్న పని. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ, తాత దగ్గర కూర్చొని ఇరవై మాటలు అడిగి తెలుగు లిపిలో రాసుకురండి. ఒంటి భాగాలు, ఇంటి సామాన్లు చాలు. కోయ, కోలామి, నాయక్‌పోడ్, లంబాడ, ఎవరిదైనా పర్వాలేదు. మీ మాటలు గ్రూపుల పెట్టండి. అవే మా పిల్లల వచ్చే నెల చూచిరాత.