పులికాటు సరస్సు – వాకిలి, వంతు

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాటపై, వానలు మంచివైన యేట, నిలిచి చూచినచో ఇరువైపుల కనుచూపు మేర నీరే కానవచ్చును. శీతకాలమున రాజహంసలు బారులు తీరి మేత మేయుచుండును. నేలపట్టు చెట్లపై గూళ్ళు కట్టుకొన్న గూడబాతులు తమ పిల్లలకు ఇచ్చటి చేపలనే కొనిపోవును. వేసవి ముదిరినచో చాలచోట్ల ఆ నీరే యింకి, బురద యెండి పగుళ్ళు వారును. ఇదియే పులికాటు సరస్సు. ఈ ప్రాంతపు తెలుగువారు దీనిని ప్రళయకావేరి యనియు పిలుతురు. సముద్రముతో పొత్తుగల మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది ఇదియే. ఇందు అధికభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొస తమిళనాడునను ఉన్నది.

చరిత్రలో ఈ తావు చేపలవలన గాక బట్టలవలన ప్రసిద్ధికెక్కినది. దక్షిణపు కొసనున్న పులికాటు రేవున డచ్చివారు 1610 ప్రాంతమున స్థిరపడి, 1613లో గెల్డ్రియా యను కోటను కట్టిరి. కోరమండల తీరపు నేతబట్టలు ఇక్కడనుండి ఓడలపై తూర్పుదీవులకు పోయెను. 1690లో వారి ముఖ్యస్థానము నాగపట్టణమునకు మారెను. 1825లో పులికాటు ఆంగ్లేయుల వశమయ్యెను. నేడు డచ్చివారి సమాధులు నిలిచియున్నవి గాని కోట లేదు.

కోట పోయినను, ఇక్కడి జాలరుల కట్టుబాటొకటి నిలిచినది. దాని అవసరము తెలియవలెనన్న రొయ్య బ్రతుకు తెలియవలెను. రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటునీటితో ముఖద్వారము గుండ సరస్సున ప్రవేశించి, కొన్ని నెలలు పెరిగి, తిరిగి సముద్రమునకు పోవును. కావున ఆ వాకిలి చేరువను వల పన్నినవానికి రాబడి యెక్కువ. అందరును అచ్చటికే ఎగబడినచో కలహము తప్పదు, రొయ్యయు మిగులదు. దీనికి తమిళ జాలరులు ఏర్పరచుకొన్న ఉపాయమే ‘పాడు’ పద్ధతి. ఇది మన తెలుగు ‘పాడు’ కాదు. అచ్చట దాని భావము వంతు. చీట్లు వేసి తావులను పంచుకొందురు. నేడు మంచి తావు దొరికినవాడు మరునాటి వంతున వేరొక తావునకు జరుగవలెను. ఏ వల ఎచ్చట వేయవచ్చునో కూడ కట్టుబాటే నిర్ణయించును. అయితే ఈ వంతు కొన్ని ఊళ్ళ జాలరులకే పరిమితము. చేతితో రొయ్యలు పట్టి పొట్టపోసికొను పేదలు దానికి వెలుపలనే యుండిరి. ఆ కొరతను దిద్దుకొనవలసియున్నది.

వంతు ఎంత న్యాయమైనను, వాకిలి మూసికొన్నచో వ్యర్థమే. అలలు తీరము వెంబడి తరలించు ఇసుక ముఖద్వారమున మేట వేయును. ఆరణి, కాళంగి నదుల వరద తగ్గిన యేడు ఆ ఇసుకను నెట్టివేయు బలముండదు. ద్వారము పూడినచో పోటుపాటులు నిలిచిపోవును. ఎండకు నీరు ఆవిరియై ఉప్పు మితిమీరును. రొయ్యపిల్లలకు లోనికి దారి యుండదు.

ఇట్టి దుస్థితి ఒడిశాలోని చిలికాకును పట్టెను. 1993లో ఆ సరస్సు, క్షీణించుచున్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికకెక్కెను. 2000 సెప్టెంబరులో అచ్చట క్రొత్త ముఖద్వారమును తెరచిరి. కొద్ది యేండ్లలోనే చేపలు, రొయ్యలు, పీతల రాబడి పలురెట్లు పెరిగెను. 2002లో సరస్సు పేరు ఆ పట్టికనుండి తొలగింపబడెను.

పులికాటునకు త్రవ్వకమొక్కటియే చాలదు. సన్నకన్నుల వలలు పిల్లరొయ్యలను ఊడ్చివేసినచో, తెరచిన వాకిలివలన ప్రయోజనమేమి? వేటహద్దుల విషయమై ఇరురాష్ట్రముల జాలరులు కలహించిన సందర్భములును కలవు. నీరు పల్లమెరుగును గాని ఎల్లల నెరుగదు. దక్షిణపు ద్వారము పూడినచో ఉత్తరపు జాలరి వలయు ఖాళీగనే వచ్చును. కనుక ద్వారమును కాపాడుటయందును, వేటకు వంతులు, కాలనియమములు ఏర్పరచుటయందును ఇరురాష్ట్రములు, జాలరుల పెద్దలు ఒక్కచోట కూర్చుండి ఆలోచింపవలెను. సరస్సు ఒక్కటియే, దానిపై బ్రతుకు ఊళ్ళు పెక్కు.