రేనాటి కంచములో అన్నము

“అన్నము తగ్గింపుడు” అని వైద్యుడు చెప్పుట సులభము. ఆ మాట విని యింటికి వచ్చిన గృహస్థు మూడు దినములు పట్టుదలతో నుండును. నాలుగవ దినమున పొగలు గ్రక్కు సన్నబియ్యపు అన్నము, దానిపై ముద్దపప్పు, ఆపై నేయి కంటబడగనే ఆ పట్టు సడలును. మారు వడ్డించుకొనును, భోజనానంతరము కునుకు తీయును, ప్రొద్దు వాలునప్పటికి మరల ఆకలి యనిపించి బొరుగుల ఉగ్గానికిని, బజ్జీలకును, తీపి కాఫీకిని చేయి చాచును. “నోరు కట్టుకొనలేడు” అని యింటివారు తప్పు పట్టుదురు. అతడును తన్ను తానే నిందించుకొనును.

ఈ నిందలో న్యాయము కొంతయే కలదు. అన్నముపై మనకు గల మక్కువ ఒక్క మనుజుని నాలుకపై పుట్టినది కాదు. దానికొక చరిత్ర కలదు. కరవులు, కాలువలు, మర్యాదలు, ప్రభుత్వ విధానములు కలిసి దానిని పెంచినవి. వరి నిత్యాహారముగా మారుట యిటీవలి సంగతి యైన సీమలో ఆ చరిత్ర మరింత స్పష్టముగా గోచరించును. అట్టి సీమ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతము. కావున ఆ సీమ కంచమును చూచి, అన్నపు మక్కువ ఎట్లు పుట్టినదో, దానిని ఎట్లు అదుపులో నుంచుకొనవచ్చునో విచారింతము.

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు. ఆ యేటి కిరుప్రక్కల పరచుకొనిన నల్లరేగడి. దీనిని, దీని కానుకొనిన కడప జిల్లా భాగమును కలిపి పూర్వులు రేనాడనిరి. చిరకాలము కర్నూలు జిల్లాలో భాగములై యుండిన నంద్యాల, ఆళ్లగడ్డలు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినవి. రేగడి నేల ఒక మంచి వాన పడినచో ఆ తేమను మాసముల తరబడి కడుపులో దాచుకొనును. అందుచే ఈ నేలకు జొన్న, కొర్ర, పత్తి, కంది సహజమైన పైరులయినవి. కొర్ర సాళ్ల నడుమ పత్తి, జొన్న సాళ్ల నడుమ కంది వేయుట ఇచటి రైతుల పాత పద్ధతి. ఒకే చేనిలో గింజయు పప్పును కలిసి పెరిగినట్లే, ఒకే కంచములో అవి కలిసి యుండెడివి.

1872లో “శ్రీ రంగరాజ చరిత్రము” అను నవలను వెలువరించిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి, 1886లో కర్నూలు జిల్లా సమాచారమునంతయు ఆంగ్లమున నొక గ్రంథముగా సమకూర్చెను. ఆయన నాటి రేనాటి సామాన్యుని ఆహారము జొన్నయు కొర్రయు. ప్రొద్దున అంబలి, చేనికి పోవునప్పుడు మూటలో జొన్నరొట్టె, దానికి తోడు పుంటికూర, కారము, రాత్రి కొర్రన్నము, పులుసు, ఉన్నవారికి మజ్జిగ. జొన్నరొట్టెను నమలక మ్రింగ వీలు లేదు. నమలునంతలో కడుపు “చాలు” నని చెప్పుటకు వ్యవధి దొరకును. తిన్న దానిని కరిగించుటకు నాగలియు, గుంటకయు, కలుపు తీతయు నుండనే యుండెను.

అట్లని ఆ కాలమును బంగారు కాలమని పొగడుట తగదు. పేదవాని అంబలి తరచుగా నీళ్ల అంబలియే. వాన తప్పిన యేడు అదియు లేదు. వరియన్నము చెరువుల క్రింద, మహానంది కోనేటి నీరు పారు పొలములలో పండిన కొద్దిపాటి ధాన్యముతో వండినది. పండుగకు, పెండ్లికి, చుట్టము వచ్చిన నాటికి పరిమితమైనది. ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిల క్షేత్రమున దేవుని ప్రసాదము పులిహోర, దధ్యోదనము, చక్కెర పొంగలి. అనగా దేవుడారగించునది వరియన్నము. భక్తుడు తన యింట తినునది కొర్రన్నము. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుని పేర నేటికిని వ్యాప్తిలో నున్నవి. ఇట్లు తరతరములుగా తెల్లని అన్నము కలిమికిని, మర్యాదకును గురుతై నిలిచినది. నిత్యము కనుల యెదుట నుండి, చేతి కందని వస్తువుపై మనసు పోవుట సహజము.

ఇక కాలువ కథ. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల ననుసరించి మద్రాసు నీటిపారుదల కంపెనీ వారు 1860 తరువాతి దశకమున సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ త్రవ్వించిరి. అదియే కె.సి. కెనాలు. చిత్రమేమనగా, నీరు వచ్చి గట్టు నొరసి పారుచున్నను, తొలి సంవత్సరములలో రైతులు దానిని ఎక్కువగా కోరలేదు. తమ రేగడికి వాన నీరే చాలునని వారి లెక్క. నీటి తీరువ బరువనియు వారి భావన. కంపెనీ నష్టములపాలు కాగా 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసెను. నీరున్నంత మాత్రమున జనులు వరికి మరలలేదన్న మాట. వారి మనసు మార్చుటలో ఆకలికిని గొప్ప పాత్ర కలదు.

1866 కరవులో ఈ సీమకే చెందిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరచి వేలాది జనులకు అన్నదానము చేసెను. ఆ దాత పేరు ఈ ప్రాంతమున నేటికిని ఇంటింట వినబడును. పది సంవత్సరములకు, 1876లో, అంతకంటె దారుణమైన క్షామము వచ్చి 1878 వరకు దక్షిణాపథమును దహించెను. దెబ్బ తిన్న జిల్లాలలో కర్నూలు మొదటి వరుసలోనిది. ఆ యేండ్లలోనే కాలువ నీటి విలువ రైతుకు తెలిసివచ్చినది.

ఆ క్షామమున జరిగిన యొక వాదము మన విషయమునకు మిక్కిలి సన్నిహితము. సహాయపు పనులలో కూలి చేయు పురుషునకు దినమునకు సుమారు 450 గ్రాముల ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖ కమీషనరు డాక్టరు కార్నిష్ దానిని తీవ్రముగా నెదిరించెను. ధాన్యము 680 గ్రాములకు తగ్గరాదనియు, గింజ యొక్కటియే చాలదు, దానితో పప్పును కూరగాయలును ఉండవలెననియు ఆయన వాదము. తుదకు 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము ధాన్యమును 570 గ్రాములకు పెంచి, 43 గ్రాముల పప్పు చేర్చెను. కొలత చిన్నదే. కాని కడుపు నింపుట వేరు, దేహమును పోషించుట వేరు అను సత్యము ఆ 43 గ్రాముల పప్పుతో ప్రభుత్వపు లెక్కలలో చోటు చేసికొన్నది.

ఈ సత్యమునే మరియొక దారిన సర్ రాబర్ట్ మెకారిసన్ పరిశోధించెను. 1918లో కూనూరున ఆయన ప్రారంభించినది బెరిబెరి వ్యాధి విచారణ. మర పట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి పాతుకొని యుండెను. తవుడుతో పాటు ‘బి’ విటమిను పోవుటయే దానికి ముఖ్యకారణము. కూనూరులో చిన్నగా మొదలైన ఆ శాఖ పెరిగి 1958లో హైదరాబాదు చేరి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర ప్రసిద్ధి కెక్కినది. బియ్యము ఎంత తెలుపైన అంత శ్రేష్ఠమను మన మర్యాదకు శాస్త్రము చెప్పిన యభ్యంతరము అదియే.

అయినను మర్యాదయే గెలిచినది. ఇరువదవ శతాబ్దమున కాలువ క్రింద వరి పెరిగినది. ఊరూర మరలు వెలసినవి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుటతో కూలివాని యింట కూడ ప్రతిదినము వరియన్నము ఉడికెను. 1986లో బాపట్ల పరిశోధనా క్షేత్రమునుండి వెలువడిన సాంబ మసూరి ఈ కాలువ పొలములలో పండి, కర్నూలు సోనా, నంద్యాల సోనా యను పేర్లతో దేశమంతట బజారుల కెక్కినది. ఇది యొక గొప్ప న్యాయము. అంబలితో కడుపు నింపుకొనిన తాతకు మనుమడు సన్నన్నము తినుట కంటె సంతోషమేమి యుండును? ఈ సంగతి మరచి “బియ్యము విషము” అని పలుకువారు చరిత్ర నెరుగరు.

కాని కంచములో అన్నము పెరిగిన కొలది దాని ప్రక్కనున్నవి తరిగినవి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. నడక పోయి మోటారుసైకిలు వచ్చినది. అన్నపు రాశి మాత్రము అట్లే యున్నది. ఫలిత మిప్పుడు ప్రతి వీథిలోను కనబడుచున్నది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. అదే సర్వేలో భాగముగా 2025లో ప్రకటితమైన పరిశీలన, భారతీయుల శక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని తేల్చినది.

మక్కువ ఎట్లు పని చేయునో కొంచెము తెలిసికొందము. పాలిషు పట్టిన బియ్యపు అన్నము త్వరగా జీర్ణమై చక్కెరగా రక్తమున చేరును. దానిని సర్దుటకు దేహము ఇన్సులినును అధికముగా విడుచును. చక్కెర ఎంత వేగముగా పెరిగినదో అంత వేగముగా దిగుటయు పలువురిలో కనబడును. అప్పుడు కలుగు నీరసమే మరల తినవలెనను కోరికగా తోచును. పీచును మాంసకృత్తులును తోడున్నచో ఈ ఎగుడుదిగుడులు తగ్గును. 100 గ్రాముల బియ్యమున పిండిపదార్థము 78 గ్రాములు, పీచు 3 గ్రాములు. జొన్నలో పిండిపదార్థము 68, పీచు 10. గుండు శనగలలో పిండిపదార్థము 40, పీచు 25, మాంసకృత్తులు 19 గ్రాములు. పూర్వపు రేనాటి భోజనము మనుజుని ఎక్కువసేపు నిలిపినదన్నచో కారణ మిందులోనే యున్నది.

అట్లయిన బియ్యము మాని కొర్రలు తినిన చాలునా? 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపిన పిమ్మట ఈ ప్రశ్న యింటింట వినబడుచున్నది. చాలదనియే చెప్పవలసియున్నది. కొర్రయు జొన్నయు కూడ పిండిపదార్థమే ప్రధానముగా గల గింజలు. మొత్తము తగ్గింపక తెల్లబియ్యమునకు బదులు గోధుమలనో, చిరుధాన్యములనో మార్చినంత మాత్రమున మధుమేహ భయము తగ్గలేదనియు, పిండిపదార్థములలో కొంత తగ్గించి ఆ స్థానమున పప్పు, పాలు వంటి మాంసకృత్తులను చేర్చినచో తగ్గుననియు పైన పేర్కొన్న 2025 పరిశీలనయే చెప్పుచున్నది. కార్నిష్ దొర వాదమును ఇచట మరల వినుచున్నట్లుండును: గింజతో పప్పు కావలెను.

కావున మా సూచన బియ్యమును వెలివేయుట కాదు. వెలివేసినది మనసున మరింత పెరుగును. కంచమును పాత కట్టుబడికి తెచ్చుట మేలు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ యిచ్చిన మార్గదర్శకములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల భాగము 45 శాతమునకు మించరాదని యున్నది. దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. ముందుగా కూరయు, పప్పును కంచములో పడవలెను. అన్నము వాని పిమ్మట, ఒక కొలతతో పడవలెను. కూరయు పప్పును మొదట తిని, అన్నము తరువాత తినినచో చక్కెర మెల్లగా పెరుగును. ఒక పూట జొన్నరొట్టెయో కొర్రన్నమో యుండుట మంచిది. సాయంకాలపు ఆకలికి బొరుగుల బదులు ఉడికించిన శనగలో, అలసందలో, ఒక గ్లాసు మజ్జిగయో సిద్ధముగా నుంచవలెను. కోరిక కలిగిన పిమ్మట వెదకబోయిన చేతికి దొరకునది బజ్జీయే. భోజనానంతరము కునుకునకు ముందు పది నిమిషముల నడక అవసరము. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యునితో చెప్పియే అన్నము తగ్గింపవలెను. లేనిచో చక్కెర మితిమీరి పడిపోవు ప్రమాదము కలదు.

ఇందులకు కావలసిన సరకు దూరమునుండి రానక్కరలేదు. 1906లో నెలకొన్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకములను, జొన్న రకములను, యంత్రముతో కోయుటకు వీలైన శనగ రకమును రైతుల కందించినది. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ రేగడులలో శనగ నేటి ముఖ్యమైన పైరు. పండించిన పప్పును బస్తాల కెత్తి పరదేశమునకు పంపి, యింట తెల్లన్నము రాశి పోసికొనుట రేనాటివారికి తగదు.

పండుగ నాడు ఓళిగలును, అహోబిల తిరునాళ్లలో పులిహోరయు నిస్సంకోచముగా భుజింపవచ్చును. ఏనాడో యొకనాడు మితముగా తిను ప్రసాదము సాధారణముగా హాని చేయదు. ప్రతిదినమును పండుగ చేసికొనుటయే హాని చేసినది. మన పెద్దలు లేమిచేత పాటించిన మితమును మనము తెలివిచేత పాటింపవలసిన కాలము వచ్చినది. వారికి ఆ యెంపిక లేదు. మనకు కలదు.